బండ కదలడం చూశారా మీరు?

నాకు కార్ల పిచ్చి. చిన్నప్పుడు పాత ఇంగ్లిషు పత్రికల్లోంచి కార్ల బొమ్మలు కత్తిరించి, లెక్కల నోట్సులో అంటించి, మాస్టారి చేత దెబ్బలు తిన్నవాణ్ణి. హైదరాబాదులో పాతకార్ల ప్రదర్శన ఎక్కడ పెట్టినా మిట్టమధ్యాహ్నం ఎండలో బానెట్లలోకి తలదూర్చి చూసొస్తాను. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించమన్నాడు, అది వచ్చేలోపే కాలం చేశాడు. పుట్టినప్పటినుంచి అది తిరిగింది కొద్ది వందల మైళ్లే. దాని ముందు నేను ఎంతసేపు నిలబడి ఉంటానో అక్కడి కాపలావాళ్లను అడగాలి.

ఈ సంగతంతా ఎరిగిన నంద్యాల స్నేహితుడొకడు ఫోన్ చేసి, "నువ్వు చూసేవన్నీ కదలని బండ్లు. కదిలే బండ చూద్దువు గానీ, రా" అన్నాడు. వెళ్లాను. చూశాను. వచ్చినప్పటినుంచి కనిపించినవాళ్లందరికీ అదే చెబుతున్నాను. మా ఇంట్లోవాళ్లు వినీ వినీ విసిగిపోయారు కాబట్టి ఇక మీకు చెప్పాల్సి వస్తోంది.

ఎద్దుల బండలాగుడు పోటీలు. నంద్యాల, కర్నూలు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో పుట్టినవాళ్లు ఈ ముక్క చదివి, దీనికింత హడావిడా అని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. నాలాంటి పట్నంవాసుల కోసం ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మెత్తగా దున్ని చదును చేసిన పొడవాటి బరి. అందులో నలుచదరంగా చెక్కిన రాతి దిమ్మె. పెద్ద విభాగాల్లో అది టన్ను దాటుతుంది. బండకు గొలుసు, గొలుసుకు కాడి, కాడి కింద ఒక జత ఎద్దులు. విభాగాన్ని బట్టి పది, పదిహేను, ఇరవై నిమిషాల గడువు ఇస్తారు. ఆ గడువులో బండను ఎంత దూరం లాగితే అంత లెక్క. బరి చివరికి చేరితే వెనక్కి తిప్పుకుని మళ్లీ లాగాలి. చక్రం లేదు, కింద దుంగ లేదు. రాయి నేరుగా నేలను రాసుకుంటూ రావాలి.

చెబితే ఇంతే. చూస్తే వేరే.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే జాతీయ రహదారి మీద శిరివెళ్ల దాటేసరికే ఎడమపక్క నల్లమల నీలంగా మొదలవుతుంది. కుడి ఎడమల నల్లరేగడి. కేసీ కాలువ నీళ్లు పారినచోట వరి, పారనిచోట శనగ, జొన్న, మిరప. పంట ఇంటికి చేరాక ఈ నేలకూ పశువులకూ కాస్త తీరిక దొరుకుతుంది. శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఊరి దేవర, తిరునాళ్ల, ఏదో ఒక పేరు మీద ఏదో ఒక ఊళ్లో బరి సిద్ధమవుతుంది. నేను చూసిన ఊరి పేరు ప్రత్యేకంగా చెప్పను. ఈ దారిలో చాలా ఊళ్లకు ఈ పోటీ పెట్టే తాహతు ఉంది, పెట్టిన చరిత్రా ఉంది. ఒక్కో రోజు ఒక్కో విభాగం పోటీ నడుస్తుంది కాబట్టి ఇది ఒక పూటతో ముగిసే వినోదం కాదు. రోజుల తరబడి సాగే మకాం.

ముందు నన్ను పడగొట్టింది పోటీ కాదు, ఆ మకామే. పొలంలో వరసగా లారీలు, డీసీఎం వ్యాన్లు. ప్రతి వాహనం పక్కనా ఒక టార్పాలిన్ పందిరి. పందిరి కింద గడ్డి పరుపు, దాని మీద తెల్లటి జత. ఎదురుగా మంచాలు, నీళ్ల డ్రమ్ములు, గంపలు, ఒక గ్యాసు పొయ్యి. పల్నాడు నుంచి వచ్చినవాళ్లు, ప్రకాశం నుంచి వచ్చినవాళ్లు, కృష్ణ అవతలి నల్లగొండ నుంచి, తుంగభద్ర అవతలి గద్వాల నుంచి వచ్చినవాళ్లు. కుర్రాళ్లంతా ఒకే రంగు టీషర్టుల్లో ఉన్నారు. వీపు మీద రెండు మూడు ఇంగ్లిషు పొడి అక్షరాలు, వాటి పక్కన 'బుల్స్' అని. ఇంటిపేరో, తండ్రి పేరో, ఇష్టదైవం పేరో పొడి అక్షరాలుగా మార్చి దానికి బుల్స్ తగిలించుకుంటారు. ఇటలీలో కార్ల రేసులోళ్లు తమ జట్టును గుర్రపుశాల అనే మాటతోనే పిలుచుకుంటారని చదివినప్పుడు నాకు భలే అనిపించేది. ఇక్కడ అసలు శాలలే నడిచొచ్చి దిగి ఉన్నాయి.

ఒక పందిరి దగ్గర ఆగాను. మీసాలు నెరిసిన పెద్దాయన గమేళాలో ఏదో కలుపుతున్నాడు.

"యాన్నుంచి వచ్చినావు నాయనా?"

"హైదరాబాద్ పెద్దాయనా. చూడ్డానికే వచ్చాను."

"చూడు చూడు. ముందట నిలబడి చూడు, ఎనకాలకు మాత్రం పోవద్దు."

ముందే నిలబడ్డాను. ఒంగోలు గిత్తను పుస్తకాల్లో, పోస్టర్లలో చూసినవాడికి దాన్ని మూడడుగుల దూరంలో చూడటం ఏమిటో తెలియదు. నా భుజం ఎత్తున దాని వీపు. ఆ వీపు మీద ఒక పక్కకు ఒరిగీ ఒరగనట్టున్న మూపురం. ఒళ్లంతా తెలుపు, మెడ దగ్గరా మూపురం దగ్గరా బూడిదరంగు నీడ. మూతి నలుపు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినంత నలుపు. పొట్టి కొమ్ములు. గొంతు కింద నుంచి ముందుకాళ్ల మధ్య దాకా మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. మా కార్లవాళ్ల భాషలో చెప్పాలంటే ఆ గంగడోలు రేడియేటర్. వదులు చర్మం విస్తీర్ణం ఎంత పెరిగితే ఒంట్లో వేడి అంత తేలిగ్గా బయటికి పోతుంది. పైన తెల్లటి వెంట్రుక ఎండను వెనక్కి కొడుతుంది, కింద నల్లటి చర్మం కాపు కాస్తుంది. నంద్యాల ఎండలో నేను రెండు సీసాల నీళ్లు తాగి కూడా గొడుగు వెతుక్కుంటుంటే, అది తాపీగా నెమరు వేసుకుంటూ నావైపు చూసింది.

మూపురం ఊరికే అందానికి ఉందనుకునేవాణ్ణి. కాడి మెడ మీద పడి, లాగినప్పుడు వెనక్కి జారకుండా ఆనుకునేది ఆ మూపురానికే. గుర్రానికి ఆ సదుపాయం లేదు, అందుకే దానికి మెడచుట్టూ మెత్త కట్టి, పటకాలు బిగించి నానా తంటాలు పడాలి. మన ఎద్దుకు ఒక దుంగ, రెండు పలుపులు చాలు.

ఇక పళ్లు. ఈ లోకంలోకి దిగినవాళ్లు మొదట నేర్చుకోవాల్సిన చదువు ఇది. పోటీల్లో విభాగాలను బరువును బట్టి కాదు, పళ్లను బట్టి చేస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన న్యూ కేటగిరీ, చివరకు సీనియర్స్. సేద్యపు ఎద్దులకు వేరే విభాగం. ('న్యూ' కేటగిరీ ఎప్పటినుంచి న్యూగా ఉందని అడిగాను. ఒకడు నవ్వాడు, ఇంకొకడు టీ ఇప్పించాడు. జవాబు మాత్రం రాలేదు.) పశువుకు పై దవడలో ముందుపళ్లే ఉండవు, గట్టి చిగురు మాత్రం ఉంటుంది. కింది దవడలో ముందు ఎనిమిది పళ్లు. అవి మొదట పాలపళ్లు. రెండు, రెండున్నరేళ్ల వయసులో నడిమి జత ఊడి వెడల్పాటి కొత్త జత వస్తుంది. అది రెండు పళ్ల గిత్త. మళ్లీ కొంతకాలానికి పక్క జత, ఆపైన ఇంకో జత. నాలుగో జత కూడా వచ్చి నోరు నిండేసరికి నాలుగు, నాలుగున్నరేళ్లు దాటుతాయి. పుట్టిన తేదీ పత్రం అక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు. పోటీకి ముందు నోరు తెరిచి చూసే తంతు ఉంటుంది చూశారూ, అక్కడ జరిగినంత వాదన నేను ఏ కోర్టులోనూ వినలేదు. "ఆ పక్కపన్ను కదులుతోంది, లెక్కలోకి రాదు" అని ఒకరు. "కదిలితే ఏమి, పాలపన్నే గదా" అని ఇంకొకరు. వేళ్లు నోట్లో పెట్టి తడిమేవాళ్లు, టార్చి వేసేవాళ్లు. ఎద్దు మాత్రం దంతవైద్యుడి కుర్చీలో నేను చూపించలేనంత ఓర్పు చూపించింది.

పెద్దాయన గమేళాలో ఉన్నవి ఉడకబెట్టిన ఉలవలు. పక్కన పత్తిగింజలు నానుతున్నాయి. ఒక బుట్టనిండా కోడిగుడ్లు, ఒక డబ్బాలో ఖర్జూరాలు. ఇంకో పందిరిలో బాదంపప్పు చూశాను. మా ఇంట్లో బాదంపప్పు పిల్లలకు పరీక్షల ముందు మాత్రమే దొరుకుతుంది. ఏ పందిరివాళ్లూ తమ మేత లెక్క మొత్తం చెప్పరు. అడిగితే సగం చెప్పి, మిగతా సగానికి నవ్వి ఊరుకుంటారు. సాధన గురించి మాత్రం ధారాళంగా చెబుతారు. తెల్లవారుజామున తడి పొలంలో దున్నించడం, చిన్న బండతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం, చెరువులో ఈదించడం, సాయంత్రం ఒళ్లంతా మాలిష్. ఆ పెద్దాయన ఇల్లాలు, జతను లారీ ఎక్కించే ముందు హారతి ఇచ్చి, రెండింటి చెవుల్లోనూ ఏదో చెప్పి పంపుతుందట. "ఏం చెబుతుంది?" అని అడిగాను. "నాకే చెప్పదు, నీకేం చెప్తాది" అన్నాడు.

జత కుదరడం వేరే విద్య. రెండు బలమైన ఎద్దుల్ని తెచ్చి కాడికి కట్టినంత మాత్రాన జత కాదు. ఎత్తు కలవాలి, అడుగు కలవాలి, ఒకటి ముందుకు ఉరికితే రెండోది అందుకోవాలి. ఒకటి ఎడమ కాడికి అలవాటు పడితే కుడికి మార్చడం కష్టం. ఒకరి దగ్గర మంచి ఎడమ ఎద్దు, ఇంకో జిల్లావాడి దగ్గర మంచి కుడి ఎద్దు ఉంటే ఇద్దరూ కలిసి దిగుతారు. దాన్ని కంబైన్డ్ జత అంటారు, మైకులో రెండు పేర్లూ రెండు ఊళ్లూ చదువుతారు. మంచి జత ధర లక్షల్లో పలుకుతుంది. అంకెలు నాకు చాలా చెప్పారు. గిట్టనివాళ్లు తగ్గించి చెప్పారు, కొన్నవాళ్లు పెంచి చెప్పారు, కాబట్టి రాయను.

ఇప్పుడు అసలు సంగతి.

మైకులో జత పేరు పిలిచారు. డప్పులు మొదలయ్యాయి. రెండు ఎద్దులూ నడిచి రావడం లేదు, నలుగురు మనుషుల్ని ఈడ్చుకుంటూ వస్తున్నాయి. బరి చుట్టూ జనం. ట్రాక్టర్ ట్రాలీల మీద, వేపచెట్ల కొమ్మల మీద, లారీ క్యాబిన్ల మీద కూడా జనమే. కాడి వేశారు. గొలుసు కొక్కేనికి తగిలించారు. ఒక్క క్షణం డప్పులు ఆగాయి. ఈల పడింది.

మొదట ఏమీ జరగలేదు. రెండు ఎద్దులూ తల వంచి, ముందుకాళ్లు మడిచినంత పనిచేసి, వెనక కాళ్లను నేలలోకి దిగేశాయి. గొలుసు బిర్రుగా సాగింది. బండ మాత్రం అలాగే ఉంది. నిలిచి ఉన్న బరువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదిలిస్తూ ఉండటానికి కావలసిన బలం కంటే ఎక్కువ. ఇది తొమ్మిదో తరగతి పాఠం. ఘర్షణ గురించి పరీక్షలో పది మార్కులకు రాశాను. ఆ రోజు మొదటిసారి కళ్లతో చూశాను. పిరుదుల మీద కండరాలు తాళ్లలా పైకి లేచాయి. డెక్కల కింద మట్టి చీలింది. బండ ముందు అంచు వెంట్రుకవాసి పైకి లేచినట్టనిపించింది.

కదిలింది.

రాయి నేలను రాసుకునే ఆ చప్పుడు చెవితో వినేది కాదు, అరికాళ్లతో వినేది. నేను బరి పక్కన నిలబడిన నేల కూడా అదిరింది. వేలమంది ఒక్కసారి "హే!" అన్నారు. నేనూ అన్నాను. అన్నానని పక్కవాడు నా భుజం తట్టాకే తెలిసింది.

పెట్రోలు ఇంజిన్ నిలబడ్డ చోట నుంచి బలం ఇవ్వలేదు. అది తిరుగుతూ ఉండాలి, క్లచ్ మెల్లగా కలపాలి, మొదటి గేర్ కావాలి. ఎద్దుకు ఈ గొడవ లేదు. నిలబడ్డచోటే దాని పూర్తి బలం సిద్ధం. జేమ్స్ వాట్ 18వ శతాబ్దంలో తన ఆవిరి యంత్రాలు అమ్ముకోవడం కోసం గుర్రంతో లెక్క కట్టాడు: నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపితే ఒక హార్స్‌పవర్. ఆయన స్కాట్లండులో కాకుండా ఆళ్లగడ్డలో పుట్టి ఉంటే మనమంతా ఇవాళ కార్ల షోరూముల్లో "దీనికి ఎన్ని ఎద్దులండీ?" అని అడిగేవాళ్లం.

బరి చివర తిప్పడం ఉంది, అదే గెలుపోటముల కీలు. తిన్నగా లాగడంలో జతల మధ్య పెద్ద తేడా ఉండదు. తిప్పుకునేటప్పుడు బయటి ఎద్దు పెద్ద చుట్టు తిరగాలి, లోపలి ఎద్దు దాదాపు నిలబడ్డచోటే తిరగాలి. ఈ రెండింటికీ ఆ సంగతి ఎవరు చెప్పారో! తోలేవాడు ఒక్క కేక వేస్తే చాలు, ఆ కేకలో ఎటు, ఎంత, ఎప్పుడు అన్నీ ఉన్నాయి. సరిగ్గా తిరిగిన జతకు సెకన్లు మిగిలాయి. తడబడిన జత అక్కడే నిలిచిపోయి, ఊపిరి బుసలు కొట్టి, మళ్లీ మొదటి కదలిక కోసం పెనుగులాడింది. గడువు దగ్గరపడేకొద్దీ డప్పు వేగం పెరుగుతుంది. చివరి నిమిషంలో మైకాయన సెకన్లు లెక్కపెడుతుంటే ఊరు ఊరంతా కలిసి లెక్కపెట్టింది.

మైకాయన గురించి విడిగా చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. క్రికెట్ వ్యాఖ్యాతలను విని విని చెవులు అరిగినవాణ్ణి. ఇలాంటి ధార ఎక్కడా వినలేదు. ఆగని గొంతు. జత యజమాని పేరు, ఊరు, మండలం, ఇంతకుముందు ఎక్కడెక్కడ గెలిచింది, ఈ రౌండు ఎన్ని సెకన్లలో పూర్తయింది, ముందున్న జత కంటే ఎంత వెనకబడింది, అన్నీ కాగితం చూడకుండా. మధ్యలో పద్యం లాంటి పొగడ్త, ఆ వెంటనే "అమ్మా, ఆ పచ్చచీర అమ్మా, పిలగాణ్ణి తాడు లోపలికి రానీకమ్మా" అని హెచ్చరిక. మంచి వ్యాఖ్యాతలను ఊరూరి నుంచీ పిలిపించుకుంటారు, వాళ్లకూ అభిమానులున్నారు.

గడువు ముగిసి ఈల పడగానే బండ ఎక్కడుంటే అక్కడ ఆగాలి. అప్పుడు టేపు వస్తుంది. పూర్తయిన రౌండ్ల అడుగులు కలిపి, మిగిలిన ముక్కను టేపుతో కొలుస్తారు. అడుగులు, అంగుళాలు. వేల అడుగులు లాగిన తరువాత అంగుళాల దగ్గర బహుమతి చేతులు మారుతుంది. టేపు పట్టుకున్న కుర్రవాడి చుట్టూ పదిమంది వంగి చూస్తుంటే, అదే సమయంలో ఆ రెండు ఎద్దులు మాత్రం తమకేమీ పట్టనట్టు పక్కకు తిరిగి గడ్డి వాసన చూస్తున్నాయి. ఓడిన జత యజమాని వాటి ముఖం తుడుస్తూ ఏదో గొణుగుతున్నాడు. కోపం ఉంటుందనుకున్నాను. దగ్గరికెళ్లి వింటే "ఏం కాదులేరా, ఏం కాదులే" అంటున్నాడు.

ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది. చర్నాకోల. కొందరు తోలేవాళ్లు గాలిలో ఝళిపించి శబ్దంతోనే పని జరిపించారు. కొందరు అలా కాదు. చివరి నిమిషాల్లో దెబ్బ పడ్డప్పుడు నా కేరింత గొంతులోనే ఆగింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉండనే ఉంది. సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ ఆపింది, 2023 మేలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణ చట్టాలను నిలబెట్టింది. ఆ వాదన కోర్టులతో తేలేది కాదు, బరిలోనే తేలాలి. నా మటుకు నేను మెచ్చిన జతలన్నీ గొంతుతో నడిచినవే. పెద్దాయనను అడిగితే, "కొడితే ఒక్క పందెం లాగుతాది. సాకితే పదేండ్లు లాగుతాది" అన్నాడు. నిర్వాహకులు కొరడా లేని విభాగం ఒకటి పెడితే చూడ్డానికి నేను మొదటి వరసలో ఉంటాను.

ఈ పోటీలు లేకపోతే ఈ ఎద్దులు ఉండేవా అన్నది ఇంకో ప్రశ్న. దుక్కి ట్రాక్టర్ చేతికి పోయింది, బండి ఆటో చేతికి పోయింది. రైతు ఇంట్లో గిత్తకు ఇక పనేముంది? పని లేని పశువును ఎంతకాలం మేపుతాడు? మన దగ్గర ఇలా ఉంటే, సముద్రం అవతల ఈ రక్తమే ఒక దేశపు పశుసంపదకు పునాది అయింది. పందొమ్మిదో శతాబ్దంలో మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు పశువుల సంతతిని బ్రెజిల్‌లో నెలోర్ అంటారు. అక్కడి మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఆ జాతివే, లేదా దాని సంకరాలే. ప్రకాశం జిల్లా కరవది నుంచి 1960ల్లో వెళ్లిన ఒక ఆబోతు అక్కడ ఊరి పేరుతోనే ప్రసిద్ధమైంది. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువను నలభై లక్షల డాలర్లకు పైగా కట్టారు, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మనవైపు చూస్తే 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు 'వీర' అనే ఒంగోలు గిత్తను చిహ్నంగా పెట్టుకున్నాం. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఈ జాతిని కాపాడే పరిశోధన నడుస్తోంది. పరిశోధనశాల బయట ఈ జాతి మీద సొంత డబ్బు, సొంత నిద్ర ఖర్చు పెట్టి సాకుతున్నవాళ్లు మాత్రం ఆ టీషర్టుల కుర్రాళ్లే. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు వాళ్లలో చాలామంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తూ, జీతంలో ఇంత అని ఉలవలకు పంపే ఒకతను సెలవు పెట్టుకుని వచ్చి ఎద్దు కాళ్ల దగ్గర పేడ ఎత్తుతున్నాడు.

పోటీ లేని పూట స్నేహితుడు నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. నంద్యాల చుట్టూ తొమ్మిది నందులు. మహానంది, ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది, సూర్య నంది, శివ నంది, విష్ణు నంది, గరుడ నంది, వినాయక నంది. మహానంది కోనేటిలో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడ్డ నాణెం బొమ్మా బొరుసా చెప్పొచ్చు. బనగానపల్లె వైపు పోతే యాగంటి బసవన్న, ఏటేటా పెరుగుతున్నాడని జనం నమ్మకం. చుట్టూ నందులే ఉన్న జిల్లాలో ఎద్దు తప్ప ఇంకేం ఆట ఆడతారు?

ఆళ్లగడ్డలో ఇంకో వింత. రోడ్డు పక్కన శిల్పుల పాకలు. ఉలి చప్పుడు పొద్దస్తమానం. దేవుళ్లు, ద్వారపాలకులు, నాయకుల విగ్రహాలు సగం సగం రాతిలోంచి బయటికొచ్చి నిలబడి ఉంటాయి. ఒక పాకలో తెల్లారి నుంచి నందిని చెక్కుతున్నారు. మూపురం వచ్చింది, గంగడోలు మడతలు వస్తున్నాయి. ఈ ఊళ్లో రాతిలోంచి నందిని తీస్తారు, పక్క ఊళ్లో నంది చేత రాతిని లాగిస్తారు. శిల్పితో ఆ మాటే అన్నాను. ఆయన ఉలి ఆపకుండా, "బండ కూడా మావోళ్లే చెక్కుతారు సార్. అంచులు గుండ్రంగా తీయకపోతే నేలలో దిగబడుతుంది" అన్నాడు. అప్పటిదాకా ఆ బండ అంచుల్ని నేను గమనించనే లేదు.

తిండి సంగతి త్వరగా కానిచ్చేస్తాను, లేకపోతే వ్యాసం అటే పోతుంది. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం జొన్నరొట్టె, గోంగూర, శనక్కాయల పొడి. రాత్రి ఫ్లడ్‌లైట్ల వెలుగులో సీనియర్స్ నడుస్తుంటే పందిళ్లలో సంగటి, నాటుకోడి పులుసు. పందిరి ముందు నుంచి నడిచిపోతే పిలిచి ప్లేటు చేతిలో పెట్టనివాళ్లు ఎవరూ లేరు. నువ్వెవరు, ఏ కులం, ఏ పార్టీ అని అడగలేదు. ఏ జత గెలుస్తుందనుకుంటున్నావని మాత్రం అందరూ అడిగారు. తప్పు జవాబు చెబితే రెండో ముద్ద పెట్టరేమోనని ప్రతి పందిరిలోనూ ఆ పందిరి జత పేరే చెప్పాను.

నేను చూసిన ఏ కార్ల ప్రదర్శన కన్నా ఇది పెద్దది. పాతకార్లను తుడిచి, మెరిపించి, తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెడతారు. ఇక్కడ మెరిపించినదాన్ని బరిలోకి దింపి, దాని బలమెంతో మట్టి మీద రాయితో రాయించి చూపిస్తారు. మర్నాడు పొద్దున అదే జత పందిరి కింద కూర్చుని నెమరేస్తూ ఉంటుంది, ముట్టుకోవచ్చు. గంగడోలు కింద నిమిరితే కళ్లు మూసుకుంటుంది.

వెళ్లండి. పిల్లల్ని తీసుకెళ్లండి. నంద్యాలకు రైలుంది, కర్నూలు నుంచి బస్సులున్నాయి, ఆళ్లగడ్డ దాకా రోడ్డు బాగుంది. టోపీ, నీళ్లు పెట్టుకోండి, తాడు దాటొద్దు, ఎద్దు వెనక నిలబడొద్దు, యజమానిని అడక్కుండా చెయ్యి వెయ్యొద్దు. ఎక్కడ, ఎప్పుడు అని వెతుక్కోవాల్సిన పనిలేదు. శివరాత్రికి ముందు నుంచి ఉగాది దాటేదాకా ఆ రోడ్డు మీద ఏ టీకొట్టు దగ్గర ఆగినా పక్క గోడకు తెల్లటి జత బొమ్మతో ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. ఊరు, తేదీలు, విభాగాలు, బహుమతులు, ఫోన్ నంబరు అన్నీ దాని మీదే రాసి ఉంటాయి.